నడిమి దినములు

శెనక్కాయ పంట ఇల్లు చేరిన తరువాత రాత్రి కూడికలలో మాటలాడుకొనుటకు కొంత తీరిక దొరకును. అట్టి వేళ ఎవరో ఒకరు లేచి, వినువారికి ధైర్యము కలుగునట్లు ఒక కథ చెప్పుట మన కళ్యాణదుర్గపు పల్లెలలో వాడుక. కొన్ని సంవత్సరములుగా అట్టి కథలలో ఒకటి తరచుగా వినబడుచున్నది. ఒక యువతి లారీ ప్రమాదములో కాలు పోగొట్టుకొనెను. అయినను ధైర్యము విడువక ఆటలో లోకవిజేత ఆయెను. కథ ఇంతే. చెప్పినవాడు, "ఒక కాలు లేని ఆమెయే ఇంత చేయగా, రెండు కాళ్లున్న మనమెంత చేయవలెను!" అని ముగించును. వినువారు సంతోషింతురు. దీపమార్పి ఇండ్లకు పోవుదురు.

ప్రియ పాఠకులారా, ఆ మాట పలుకబడినప్పుడు ఒకసారి వెనుక వరుస వైపు చూడుడి. గోడకు చంకకర్ర ఆనించి కూర్చుండినవాడొకడు అక్కడ ఉండవచ్చును. చక్కెర వ్యాధి వలన పాదము తీసివేయబడినవాడో, బోరుబండి దగ్గర కాలు నలిగినవాడో, పసితనములో పోలియో సోకినవాడో. "రెండు కాళ్లున్న మనము" అను మాటలో అతడు లేడు. కథ అతనివంటి వారిని గూర్చినదే గాని, అతనితో చెప్పబడినది కాదు. పైగా అతడు ఇంటికి పోవుచు తన్ను తాను ఒక ప్రశ్న అడుగుకొనును: "ఆమె లేచెను గదా, నేనెందుకు లేవలేదు?" ధైర్యము పుట్టించుటకు చెప్పిన కథ, ఎవనికి ధైర్యము ఎక్కువగా కావలెనో వానినే నేరస్థునిగా నిలువబెట్టినది.

కథ నిజమే. చెప్పిన తీరులో ఏదో లోపమున్నది. ఆ లోపమేదో వెదకుటకే ఈ వ్యాసము.

మొదట ఆమె సంగతి తిన్నగా తెలిసికొందము. ఆమె పేరు మానసి జోషి. 1989లో గుజరాతులోని రాజ్‌కోటలో జన్మించి, ముంబయిలో పెరిగెను. ఆరేండ్ల వయస్సులోనే తండ్రితో కలిసి బ్యాడ్మింటన్ ఆడ మొదలుపెట్టెను. 2010లో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు పట్టము పొంది సాఫ్టువేరు ఉద్యోగములో చేరెను. 2011 డిసెంబరు 2వ తేదీన మోటారుబండిపై పనికి పోవుచుండగా ఒక లారీ ఆమె ఎడమకాలి మీదుగా పోయెను. తగిన శస్త్రచికిత్స జరుగుటకు గంటలు గడిచినవి. కాలిని నిలుపవలెనని వైద్యులు కొన్ని దినములు పాటుపడిరి గాని, కుళ్లు పట్టుటచేత దానిని తీసివేయవలసి వచ్చెను. సుమారు 50 దినములు ఆమె ఆసుపత్రిలో ఉండెను.

తరువాత పెట్టుడు కాలితో నడక నేర్చుకొనెను. 2012లో తాను పనిచేయు కంపెనీ ఉద్యోగుల పోటీలో ఆడి గెలిచెను. 2014లో ఆసియా పారా క్రీడలకు పోవు దేశపు జట్టులో చేరుటకు ప్రయత్నించెను, ఎంపిక కాలేదు. 2015లో ఇంగ్లండులో జరిగిన లోకపోటీలలో మిశ్రమ జంటల ఆటయందు వెండి పతకము పొందెను. 2017లో దక్షిణ కొరియాలోని ఉల్సాన్‌లో సింగిల్స్ ఆటయందు కంచు. 2018లో మన హైదరాబాదునకు వచ్చి, పుల్లెల గోపీచంద్ నడుపు అకాడమీలో చేరెను. ఆ యేటనే ఆసియా పారా క్రీడలలో మరల కంచు. 2019 ఆగస్టు మాసమున స్విట్జర్లండులోని బాసెల్ పట్టణములో జరిగిన లోకపోటీలలో, అంతకు మునుపు పలుమారులు లోకవిజేతగా నిలిచిన పారుల్ పర్మార్‌ను 21-12, 21-7 తేడాతో ఓడించి బంగారు పతకము గెలిచెను. ఓడిన పారుల్ కూడ మన దేశస్థురాలే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయుదము. లారీ క్రింద పడిన దినమునకు, బంగారు పతకము ధరించిన దినమునకు నడుమ ఏడు సంవత్సరముల ఎనిమిది మాసములకు పైగా గడిచినది. రమారమి 2,800 దినములు. మన కూడికలో చెప్పబడిన కథలో ఉన్నవి రెండే దినములు: పడిన దినము, లేచిన దినము. తక్కిన 2,800 దినములు ఏమయినవి? విత్తనము వేసిన దినమును, కోసిన దినమును మాత్రమే చెప్పి, నడుమ కలుపు తీసిన సంగతి, వాన కొరకు మొగులు వైపు చూచిన సంగతి, అప్పు తెచ్చిన సంగతి విడిచిపెట్టినచో దానిని ఏ రైతయినను వ్యవసాయపు కథ అనునా? "ఇది సంతలో బుడ్డలు కొన్నవాడు చెప్పిన కథ" అనును.

ఇట్టి కథలు మనకు మూడు దారులలో వచ్చుచున్నవి: సినిమా దారి, బొమ్మ దారి, సాక్ష్యపు దారి. మూడింటిని వరుసగా పరిశీలింతము.

మన తెలుగువారికి మొదట ఇట్టి కథ చెప్పినది "మయూరి" అను సినిమా. 1985లో వచ్చినది. రామోజీరావు నిర్మించగా సింగీతము శ్రీనివాసరావు దర్శకత్వము వహించెను. నాట్యము నేర్చిన సుధా చంద్రన్ అను బాలిక 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదములో గాయపడి, గాయము కుళ్లుటచేత కుడికాలు పోగొట్టుకొనెను. జైపూరు కాలు తొడిగికొని మరల నాట్యము నేర్చి 1984లో తిరిగి వేదిక ఎక్కెను. ఆమె జీవితమునే సినిమాగా తీసి, ఆమెచేతనే ఆ పాత్ర వేయించిరి. ఆ నటనకు ఆమెకు జాతీయ చలనచిత్ర బహుమతులలో న్యాయనిర్ణేతల ప్రత్యేక బహుమతి లభించెను.

ఈ సినిమాను మెచ్చుకొనవలసిన ప్రధాన విషయము ఇదియే. రెండు కాళ్లున్న నటిని తెచ్చి, ఒక కాలు కట్టివేసి, కుంటినడక నేర్పి చూపలేదు. ఎవరి కథయో వారినే నిలువబెట్టిరి. గజ్జె కట్టినది నిజముగా పెట్టుడు కాలికే. ఆ నిజాయితీ నేటి సినిమాలలో సయితము అరుదు. అయితే సినిమాకు పుట్టుకతో ఒక లోపము కలదు. అది రెండు మూడు గంటలలో ముగియవలెను. రెండు సంవత్సరములకు పైబడిన సాధనను అది కొన్ని నిమిషములలో దాటించవలెను. కన్నీరు, నెత్తురు, పట్టుదల, చప్పట్లు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుచుండగా చూచువాడు, "పట్టుదల ఉన్న చాలును, కాలు దానంతటదే నడచును" అని తలంచుకొని బయటికి వచ్చును. అది దర్శకుని తప్పు కాదు, గడియారపు తప్పు. కాని చూచువాడు ఆ గడియారమును తన ఇంటికి తీసికొని వచ్చి, తన బిడ్డ మీద, తన పొరుగువాని మీద ప్రయోగించినచో అది అన్యాయమగును.

రెండవది బొమ్మ దారి. 2020 అక్టోబరులో అమెరికాలోని టైమ్ పత్రిక తన ఆసియా ముద్రణ ముఖపత్రముపై మానసి జోషి చిత్రమును వేసెను. అదే మాసములో బార్బీ బొమ్మలు చేయు కంపెనీవారు ఆమె పోలికతో ఒక బొమ్మను చేసిరి. దానికి పెట్టుడు కాలు కూడ పెట్టిరి. లోకములోని ఆడపిల్లల చేతికి ఇంతకాలము వచ్చిన బొమ్మలలో పెక్కు లోపము లేని అవయవములు గలవే గనుక, ఇది మంచి ఆలోచన. కాలు లేని పసిపిల్ల తన పోలిక గల బొమ్మను చూచి, "నేను కూడ మనిషినే" అనుకొనుట ఎంత గొప్ప సంగతి!

కాని ఆ బొమ్మ గౌరవార్థము చేసిన ఒకే ఒక బొమ్మ. అంగడిలో అమ్మునది కాదు. కళ్యాణదుర్గములోను దొరకదు, ముంబయిలోను దొరకదు. గౌరవము ఒక్కరికి దక్కినది. ఆ గౌరవమును చేతపట్టుకొనవలసిన పిల్లలు చిత్రమును చూచి తృప్తిపడవలసివచ్చెను. మరియొక సంగతి. బొమ్మ కాలికి పుండు పడదు. ఎండకు చెమట పట్టదు. ఎన్ని సంవత్సరములైనను దాని కాలు వదులు కాదు. బొమ్మ నిలిచియే యుండును. మనిషి నిలుచుటకు ప్రతి ఉదయము మరల మొదలుపెట్టవలెను.

మూడవది మన సాక్ష్యపు దారి. దీనిని గూర్చి కొంచెము కఠినముగానే చెప్పవలసియున్నది, ఏలయనగా ఇది మన ఇంటిది. మనలో కొందరు ఈ కథను, "కాలు తీసికొని కీర్తి ఇయ్యబడెను" అని చెప్పుదురు. ఈ మాటలో మూడు తప్పులున్నవి.

మొదటి తప్పు: కాలు పోక మునుపు ఆమె ఏమియు కాదన్నట్లు చెప్పుట. ఆరేండ్ల నాటినుండి రాకెట్టు పట్టిన చేయి అది. ఇంజనీరు చదువు చదివిన బుద్ధి అది. ప్రమాదము ఆమెకు ఆట నేర్పలేదు. నేర్చిన ఆటను మరియొక శరీరముతో మొదటినుండి నేర్చుకొనునట్లు చేసినది, అంతే.

రెండవ తప్పు: ప్రమాదమునకు కారణము లేనట్లు చెప్పుట. కాలు తీసినది లారీ. గాయమునకు సకాలములో చికిత్స అందకపోవుట దానికి తోడైనది. ఈ రెండును మనుష్యులు సరిచేయగల విషయములు. మన పల్లెలనుండి అనంతపురపు పెద్దాసుపత్రికి పోవలెనన్న కళ్యాణదుర్గమునుండియే రమారమి 60 కిలోమీటర్లు. దారిలో గాయపడినవానికి ఆ గంటలే ప్రాణము, ఆ గంటలే కాలు. "అంతయు మంచికే" అనువాడు, చీకటిలో దీపము లేకుండ రోడ్డుపై నిలిపిన ట్రాక్టరు ట్రాలీని తొలగింపడు.

మూడవ తప్పు: ఆమె గెలువకపోయినచో చెప్పుటకు మనకు కథయే లేకుండుట. ఇది అన్నిటికంటె పెద్దది. బంగారు పతకము కొరకే మనమామెను గౌరవించినయెడల, పతకము లేనివానిని ఏమి చేయుదుము?

బాసెల్‌లో జరిగిన ఒక సంగతి ఈ మూడవ తప్పును చక్కగా చూపును. మానసి గెలిచిన ఆ వారములోనే, ఆ పట్టణములోనే మన తెలుగు బిడ్డ పి.వి. సింధు కూడ లోకవిజేత ఆయెను. 2019 ఆగస్టు 25న జపాను క్రీడాకారిణి నొజోమి ఒకుహారాను 21-7, 21-7 తేడాతో ఓడించెను. దేశమంతయు పండుగ చేసికొనెను. చేసికొనదగిన గెలుపే అది. ఇద్దరును గోపీచంద్ అకాడమీలో సాధన చేసినవారే. అయితే రెండవ బంగారు పతకమున్నట్లు మొదట చాలమందికి తెలియలేదు. మానసి సాధన చేయుచున్న వీడియో ఒకటి ఫోనులలో వ్యాపించిన తరువాతనే జనులు ఆమెవైపు తిరిగిచూచిరి. గమనింపుడి: జనుల హృదయమును కదిలించినది ఆమె పతకము ధరించిన చిత్రము కాదు. చెమటలు కారుచు, ఒక మంచి కాలితోను ఒక ఇనుప కాలితోను బరువులెత్తుచు, గెంతుచు, పడబోయి నిలద్రొక్కుకొనుచున్న చిత్రము. అనగా నడిమి దినములలో ఒక దినము. ఆ ఒక్క దినమును చూచుటతోనే కథ నిజమైనది.

అట్లయిన ఆ నడిమి దినములలో ఏమున్నది? వాటిలో నాలుగు సంగతులు చెప్పెదను.

మొదటిది కాలి సంగతి. తొడ దగ్గర తెగిన కాలికి తొడిగెడి పెట్టుడు కాలికి పైభాగమున గిన్నెవంటి భాగమొకటి ఉండును. దానిని సాకెట్టు అందురు. మిగిలిన తొడ అందులో ఇమిడి కూర్చుండవలెను. శరీరపు బరువంతయు అక్కడనే పడును. మనిషి చిక్కినను, లావైనను అది సరిపోదు. వదులైన ఒరసి పుండగును. బిగువైన నొప్పి పుట్టును. ఎండకాలములో చెమట చేరి జారును. మానసి అయిదు సంవత్సరములకు పైగా ఒకే సాకెట్టుతో నెట్టుకొని వచ్చెనని, అది అరిగి తన సాధనను వెనుకకు లాగెనని, బాసెల్‌కు ముందు క్రొత్తది దొరికెనని ఆమెయే చెప్పియున్నది. పట్టుదల ఆమెకు మొదటినుండియు ఉన్నది. మారినది గిన్నె. ధైర్యమును గూర్చి గంటసేపు ప్రసంగించు మనము, గిన్నెను గూర్చి ఒక్క మాటయైనను చెప్పుచున్నామా? మన ఊరిలో పెట్టుడు కాలు మూలన పెట్టి మరల చంకకర్ర పట్టినవానిని "సోమరి" అనక ముందు, దాని గిన్నె అతని తొడకు సరిపోవుచున్నదా అని ఎవరైనను అడిగితిరా?

రెండవది ఆటస్థలపు సంగతి. మానసి ఆడు తరగతిని ఎస్.ఎల్. 3 అందురు, నిలువబడి ఆడుచు, కాళ్లలో గట్టి లోపము గలవారి తరగతి. ఈ తరగతి సింగిల్స్ ఆటలో ఆటస్థలపు వెడల్పులో సగము మాత్రమే వాడుదురు. ఇది జాలిపడి చేసిన సదుపాయమని తలంపవద్దు. ఒంటికాలిపై బరువు నిలుపువారు ఇద్దరు పూర్తి వెడల్పులో ఆడినచో, ఎవరు షటిల్‌ను ఎదుటివారికి అందనంత దూరము కొట్టిరో వారే గెలుతురు, నేర్పునకు చోటుండదు. సగము గీటులో ఆడినప్పుడు నేర్పు బయటపడును. గీటు మార్చుటచేత ఆట తేలిక కాలేదు, ఆట న్యాయమైనది.

ఇక్కడ మనకు తెలిసిన సదరం సర్టిఫికెట్టును తలంచుకొనుడి. అది మనిషి ఎంత పోగొట్టుకొనెనో శాతములలో చెప్పును. 40 శాతమున్న పింఛనుకు అర్హత. మన రాష్ట్రములో 2024 జులై నుండి ఆ పింఛను నెలకు 6,000 రూపాయలాయెను. ఆ కాగితము కావలసినదే. దానివలన పొయ్యి వెలుగుచున్నది. కాని ఆట తరగతులను నిర్ణయించువారు అడుగు ప్రశ్న వేరు. ఏమి పోయినదని మాత్రమే అడిగి విడువరు. మిగిలినదానితో ఏమి చేయగలవని కూడ చూతురు. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి అలసినవారు మన పల్లెలలో చాలమంది ఉన్నారు. రెండవ ప్రశ్న వారిని అడిగినవారెందరు?

మూడవది పట్టిక సంగతి. బ్యాడ్మింటన్ ఆటను పారాలింపిక్ క్రీడలలో మొదటిసారిగా చేర్చినది టోక్యో క్రీడలలో. 2020లో జరుగవలసిన ఆ క్రీడలు 2021లో జరిగినవి. లోకవిజేతయైన మానసి పోయి ఆడియుండునని తలంచెదము. పోలేదు. ఆమె తరగతి స్త్రీల సింగిల్స్ ఆ పట్టికలో లేదు. కాలు సిద్ధమే, చేయి సిద్ధమే, మనస్సు సిద్ధమే. ఆట పేరు కాగితము మీద లేదు. కాలు లేకపోవుట ఆమెను ఆపలేదు; పట్టికలో ఒక వరుస లేకపోవుట ఆపెను.

నాలుగవది ఓటమి సంగతి. 2024లో ప్యారిస్ క్రీడలలో ఆ వరుసను చేర్చిరి. 35 ఏండ్ల మానసి అక్కడ ఆడెను. మొదటి దశలోనే రెండు ఆటలలో ఓడి తిరిగి వచ్చెను. రెండింటిలోను మూడవ గేము దాకా పోరాడినదే. మన కూడికలలో ఈ భాగము ఎన్నడైనను వినబడెనా? వినబడదు, ఏలయనగా దీనిలో చప్పట్లు లేవు. అయితే వెనుక వరుసలో కూర్చుండినవానికి కావలసినది ఈ భాగమే. గెలిచిన తరువాత కూడ ఓడవచ్చునని, ఓడినవాడు ఓడుటచేత చిన్నవాడు కాడని అతడు వినవలెను.

ఇది ఒక్క దేశపు సంగతి కాదు, ఒక్క ఆట సంగతి కాదు. మంచుగడ్డను సోడాబండి దగ్గర తప్ప చూడని మన మెట్టనేలకు మిక్కిలి దూరమైన ఆట ఒకటి కలదు. దానిని పారా ఐస్ హాకీ అందురు. గడ్డకట్టిన నీటిపై కూర్చుండి ఆడు ఆట. 1960ల మొదటి సంవత్సరములలో స్వీడన్ దేశపు స్టాక్‌హోమ్ నగరములో అవయవలోపము గలవారికి చికిత్స చేయు కేంద్రమొకటి ఉండెను. కాళ్లు పనిచేయని కొందరు తాము మునుపు ఆడిన హాకీని విడువలేక, ఇనుప చట్రముతో ఒక చిన్న బండి చేసికొని, దాని అడుగున మంచుపై జారు రెండు పలకలు బిగించిరి. బంతికి బదులుగా వాడు బిళ్ల ఆ చట్రము క్రిందుగా పోవునంత ఎత్తు ఉంచిరి. కర్రలకు సైకిలు పిడులు తగిలించి, వాటితోనే బండిని తోసికొనుచు, వాటితోనే బిళ్లను కొట్టిరి. ఆ ఆట 1994లో నార్వేలోని లిల్లెహామర్‌లో పారాలింపిక్ క్రీడలలో చేరెను.

ముప్పది సంవత్సరముల నడిమి దినములను చూచితిరా? ఆ మొదటివారు పతకముల కొరకు బండి చేయలేదు. ఆట కొరకు చేసిరి. కొన్ని ఇనుప కడ్డీలు, సైకిలు పిడులు, ఆడవలెనను కోరిక. మన దేశములోని జైపూరు కాలి సంగతియు అట్టిదే. రామచంద్రశర్మ అను చేతిపనివాడును, ప్రమోద్ కరణ్ సేఠీ అను వైద్యుడును కలిసి 1960ల చివర రబ్బరుతో ఆ పాదమును చేసిరి. విదేశపు కాలు బూటు తొడిగి కుర్చీలో కూర్చుండువానికి సరిపోయినది. మనవాడు చెప్పులు లేకుండ నడచును, నేలమీద బాసిపట్టు వేసి కూర్చుండును, తడిమడిలో దిగును. అది తెలిసికొని మనవాని నేలకు తగిన పాదము చేసిరి. సుధా చంద్రన్ నాట్యమాడినది అట్టి పాదముతోనే. ఆమె పట్టుదలను మెచ్చుకొనునప్పుడు, ఆ పనివాని చేతులను మరచినయెడల కథ సగమే చెప్పినట్లగును.

మన అనంతపురపు నేలమీదనే 1969లో విన్సెంట్ ఫెర్రర్ దంపతులు గ్రామీణాభివృద్ధి సంస్థను స్థాపించిరి. మన కళ్యాణదుర్గములో ఆసుపత్రి కట్టినదియు, వికలాంగుల సంఘములను పల్లెలలో నిలిపినదియు ఆ సంస్థయే. కరవునేల గనుక ఇక్కడ ఏమియు సాధ్యము కాదను మాట మనము చెప్పుకొనరాదు.

మన గ్రంథములో ఇద్దరు కుంటివారి సంగతులు మనకు బాగుగా తెలియును. ఒకడు దేవాలయపు ద్వారమునొద్ద కూర్చుండి, లేచి గంతులు వేసినవాడు. అతని సంగతి మనము ఏటేట చెప్పుకొందుము. ఇంకొకడు యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు. అతడు లేచి గంతులు వేయలేదు. రాజు అతని పాదములను బాగుచేయలేదు. అతని పితరుని భూమిని అతనికి తిరిగి ఇచ్చి, తన బల్లయొద్ద శాశ్వతముగా చోటిచ్చెను. ఆ కథ ముగింపులో కూడ అతడు రెండు కాళ్లను కుంటివాడే. అతని గౌరవము అతడు నడచుటవలన వచ్చినది కాదు. ఈ రెండవ కథను మనము అరుదుగా చెప్పుకొనుట ఏలనో ఆలోచింపుడి. మొదటి కథలో మనము చూచి ఆశ్చర్యపడిన చాలును. రెండవ కథలో బల్లయొద్ద జరిగి చోటియ్యవలెను.

కాబట్టి ఈ కథను ఇకమీదట చెప్పవద్దని నా అభిప్రాయము కాదు. చెప్పుడి. మానసి జోషి కథ చెప్పదగినదే. అయితే నడిమి దినములతో కూడ చెప్పుడి. 2014లో ఎంపిక కాలేదని చెప్పుడి. సాకెట్టు అరిగెనని చెప్పుడి. సగము గీటు న్యాయమని చెప్పుడి. 2021లో పట్టికలో చోటు లేకపోయెనని, 2024లో ఓడెనని చెప్పుడి. అట్లు చెప్పినప్పుడు వినువారు "ఆహా" అనక, "మనమేమి చేయవలెను?" అని అడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబులు మన ఊరిలోనే ఉన్నవి. కూడిక జరుగు మందిరపు మెట్ల ప్రక్కన ఒక వాలుదారి కట్టుటకు ఎన్ని సంచుల సిమెంటు పట్టును? సదరం పరీక్షకు పోవలసిన ముసలివానిని బండిపై తీసికొనిపోవుటకు ఎవరికి తీరిక ఉన్నది? బడి మైదానములో పిల్లలు ఆడుచుండగా, గట్టుమీద కూర్చుండి చొక్కాలకు కాపలా కాయు పిల్లవానికి ఏ ఆట, ఏ గీటు మార్చినచో చోటు దొరకును?

రాబోవు కూడికలో ఎవరైనను ఈ కథ చెప్పుటకు లేచినయెడల, చెప్పక మునుపు వెనుక వరుసకు పోయి, అక్కడ కూర్చుండినవాని ప్రక్కన కొంచెముసేపు కూర్చుండవలెను. అతని కాలి గిన్నె సరిపోవుచున్నదా అని అడుగవలెను. అతడు ఏమి చేయగోరుచున్నాడో అడుగవలెను. తరువాత లేచి చెప్పవచ్చును. అప్పుడు చెప్పు కథలో "మనము" అను మాట పలుకునప్పుడు అతడు కూడ అందులో ఉండును.